బ్రాస్ క్వింటెట్ - సందర్భోచిత రచనల ఎంపిక: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండు ట్రంపెట్లు, ఒక హార్న్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా కలిసిన బ్రాస్ క్వింటెట్‌ను పాశ్చాత్య దేశాల్లో పెళ్లిళ్లకూ, సంస్మరణలకూ, కచేరీలకూ పిలుస్తారు. ఈ బృందం చరిత్రను దానికోసమే పుట్టిన మౌలిక రచనల చరిత్రగా చెప్పడం పరిపాటి. అయితే పెళ్లిళ్లలో, ఉత్సవాలలో ఈ బృందం వాయించే రచనలలో అధికభాగం ఆ బృందం కోసం గాని, ఆ సందర్భం కోసం గాని రాసినవి కావు. అవి ఏ గుణం వల్ల ఆ సందర్భాలలో నిలిచాయి, కచేరీ రచనలకూ వాటికీ ఉన్న నిజమైన భేదం ఏది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బ్రాస్ క్వింటెట్, వాద్యానుసరణ, వివాహసంగీతం, ఔచిత్యం, రాండో, ఎవాల్డ్, పెసెల్.

1. ప్రవేశిక

ఒక వాద్యబృందం చరిత్ర రాయబూనినవారు ముందుగా దానికోసం రాసిన రచనలను కాలక్రమంలో పేర్చుకుంటారు. నాలుగు తంత్రీవాద్యాల స్ట్రింగ్ క్వార్టెట్ విషయంలో ఈ పద్ధతి సరిపోతుంది. హైడ్న్, మొజార్ట్, బేథోవెన్ మొదలుకొని బార్టోక్ వరకు అవిచ్ఛిన్నమైన రచనాపరంపర అక్కడ ఉంది. బ్రాస్ క్వింటెట్‌కు ఇదే పద్ధతిని వర్తింపజేస్తే మాత్రం విచిత్రమైన ఫలితం వస్తుంది. మౌలిక రచనల పట్టికలో ఉన్నవాటిలో చాలావాటిని పెళ్లిమండపంలో ఎవరూ వాయించరు. పెళ్లిలో వాయించేవాటికి ఆ పట్టికలో చోటు లేదు. వాద్యకారులకు జీవిక కల్పించిన సంగీతం చరిత్రకు వెలుపల మిగిలిపోతుంది.

ఈ వెలితిని పూరించాలంటే రచన ఎవరిది అన్న ప్రశ్నతో పాటు ఎవరు ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అన్న ప్రశ్నలు కూడా వేయాలి. 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని రసానికి ప్రాణంగా భావించాడు. ఆయన ఔచిత్యవిచారచర్చ ప్రధానంగా కావ్యం లోపలి అంశాల పొందికను గురించినది. పదం, వాక్యం, అలంకారం తగినచోట ఉన్నాయా లేదా అన్నది అక్కడి విచారణ. సందర్భసంగీతంలో ఔచిత్యం రచన లోపలి పొందికతో తీరదు. రచనకూ, దాని ఎదుట జరిగే క్రియకూ మధ్య పొందిక కుదరాలి. ఆ క్రియ ఎంతసేపు సాగుతుందో వాద్యకారుడికి ముందుగా తెలియదు. ఈ చిన్న విషయమే చర్చకు కీలకం.

2. పది గంటల సంగీతం

ఐదు భాగాల వాయువాద్య సంగీతానికి పూర్వరంగం జర్మన్ నగరాలలో ఉంది. ష్టాట్‌ప్ఫైఫర్లు అనే నగరవాద్యకారులను పురపాలక మండళ్లు జీతమిచ్చి పోషించేవి. లైప్‌జిగ్‌లో నలుగురు నగరవాద్యకారులు, ముగ్గురు వాయులీన కళాకారులు ఈ వ్యవస్థలో ఉండేవారు. నగర భవనం మీదనుంచి నిర్ణీత వేళలలో ఊదడం, చర్చి సంగీతంలో పాల్గొనడం వారి విధులు. పౌరుల పెళ్లిళ్లలో వాయించే హక్కు కూడా వారిదే. హక్కు లేని వాద్యకారులు పెళ్లిళ్లకు వెళితే వీరు ఫిర్యాదు చేసేవారు. జీతం చాలదు కనుక పెళ్లి రుసుమే అసలు ఆదాయం.

ఈ రాబడి ఎంత అనిశ్చితమో చెప్పడానికి అదే నగరంలో పనిచేసిన బాఖ్ 1730లో మిత్రుడు ఎర్డ్‌మన్‌కు రాసిన లేఖ చాలు. నగరంలో గాలి ఆరోగ్యకరంగా ఉంటే అంత్యక్రియలు తగ్గి, తన అదనపు రాబడి పడిపోతోందని ఆయన అందులో వాపోయాడు. మహాస్వరకర్త అయినా లెక్కలు తప్పవు.

యోహాన్ క్రిస్టోఫ్ పెసెల్ 1670లో ప్రకటించిన హోరా దెసిమా అనే సంపుటిలో 40 సొనాటాలు ఉన్నాయి. పేరుకు అర్థం పదవ గంట. ఉదయం పది గంటలకు ఊదడానికని శీర్షికలోనే చెప్పి, రెండు కార్నెట్టోలు, మూడు ట్రాంబోన్లు అని వాద్యాలను కూడా సూచించాడు. కార్నెట్టో చెక్కతో చేసి తోలు చుట్టిన, వేళ్లరంధ్రాలున్న వాద్యం. ఇత్తడి వాద్యం కాకపోయినా పెదవులతో ఊదేదే. 1685లో పెసెల్ మరో ఐదు భాగాల సంపుటిని ప్రకటించాడు. అందులో ఎక్కువగా ఇంట్రాడాలు, అల్మాండ్లు, కూరాంట్లు, సరబాండ్ల వంటి పొట్టి నృత్యరూపాలు ఉన్నాయి. ప్రతి ఖండాన్నీ మళ్లీ వాయించే వీలుంది. అవసరమైతే ఒకటి చేర్చవచ్చు, ఒకటి వదలవచ్చు.

ఇంగ్లండ్‌లో అంతకుముందే 1599లో ఆంథొనీ హోల్‌బోర్న్ ఐదు భాగాల నృత్యరచనలు 65 అచ్చువేశాడు. వయొల్‌లు గాని, వయొలిన్లు గాని, ఇతర వాయువాద్యాలు గాని వాడుకోవచ్చని శీర్షికలోనే అనుమతి ఇచ్చాడు. వాద్యాన్ని ఎంచుకునే బాధ్యత వాయించేవారికే వదిలిన ఈ గ్రంథం నేటి క్వింటెట్లకు ప్రియమైనది కావడంలో ఆశ్చర్యం లేదు.

3. మరణవార్త చెప్పే బాణీలు

పెళ్లి దగ్గరికి వెళ్లేముందు మరణాన్ని ప్రస్తావించాలి. ఎంపికకు అత్యంత కచ్చితమైన నియమం అక్కడే కనిపిస్తుంది. పెన్సిల్వేనియాలోని బెత్లెహాంలో స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవుల ట్రాంబోన్ బృందం 18వ శతాబ్ది మధ్యనుంచి సమాజంలో ఎవరైనా మరణిస్తే ఆ వార్తను వాద్యంతో ప్రకటించేది. మూడు స్తోత్ర బాణీలు వరుసగా ఊదేవారు. మొదటిదీ మూడవదీ ఒకటే, మరణాన్ని సూచించేవి. నడుమ బాణీ మాత్రం మారేది. పోయినవారు వివాహితులైన పురుషులా, వితంతువులా, అవివాహిత స్త్రీలా, పిల్లలా అన్నది ఆ బాణీని బట్టి తెలిసేది. పొలంలో ఉన్నవారు పని ఆపి విని, ఎవరై ఉంటారో ఊహించుకునేవారు. ఇక్కడ సంగీతమే సమాచారం. ఎంపికలో పొరపాటు జరిగితే బతికున్నవారిని చనిపోయినట్టు చెప్పినట్టే.

బేథోవెన్ 1812లో లింజ్ నగరంలో నాలుగు ట్రాంబోన్ల కోసం మూడు ఎక్వాలేలు రాశాడు. నవంబరు 2న జరిగే సర్వ మృతుల స్మరణ దినానికి అక్కడి కెథడ్రల్ సంగీతాధికారి గ్లోగ్ల్ కోరగా రాసిన పొట్టి రచనలివి. 1827 మార్చి 29న బేథోవెన్ అంత్యక్రియలలో వీటినే వినిపించారు. ఒక ఊరి సంస్మరణకు రాసిచ్చినవి రాసినవాడి వీడ్కోలుకు వచ్చాయి. ఇంగ్లండ్‌లోనూ ఇటువంటి ఘటన ఉంది. రాణి మేరీ అంత్యక్రియలకు 1695 మార్చిలో పర్సెల్ రాసిన సంగీతం అదే సంవత్సరం నవంబరులో పర్సెల్ అంత్యక్రియలలోనూ వినిపించింది.

4. పెళ్లి బాణీలు: పుట్టుక ఒకచోట, పెరుగుదల మరొకచోట

పెళ్లికి బ్రాస్ క్వింటెట్‌ను కుదుర్చుకునేవారు కోరే రచనలు చాలావరకు ఒక డజనులో ఇమిడిపోతాయి. వాటిలో కొన్నిటి పూర్వకథలు చూస్తే పెళ్లికి అవి తగుతాయా అన్న సందేహం కలుగుతుంది.

వధువు నడిచివచ్చేటప్పుడు వాయించే వాగ్నర్ బాణీ లోహెన్‌గ్రిన్ ఒపెరా మూడవ అంకంలోనిది. ఆ ఒపెరా 1850 ఆగస్టు 28న వైమార్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. కథలో ఈ పాట పెళ్లి తర్వాత దంపతులను శయనగృహానికి తీసుకువెళ్లేటప్పుడు పాడేది. ఆ రాత్రే వారి బంధం తెగిపోతుంది. దంపతులు బయటికి నడిచేటప్పుడు వాయించే మెండెల్సన్ వెడ్డింగ్ మార్చ్ షేక్‌స్పియర్ నాటకం ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ ప్రదర్శనకు 1842లో రాసిన నేపథ్య సంగీతంలోనిది. 1858 జనవరి 25న విక్టోరియా రాణి పెద్ద కుమార్తె పెళ్లిలో వినిపించాక దీని ప్రచారం విస్తరించింది. లోహెన్‌గ్రిన్ తొలి ప్రదర్శన జరిగిన కొద్ది రోజులకే వాగ్నర్ సంగీతంలో యూదుల ఉనికిని నిందిస్తూ మారుపేరుతో ఒక వ్యాసం ప్రకటించాడు. యూదు కుటుంబంలో పుట్టిన మెండెల్సన్ ఆ వ్యాసంలో ప్రధాన లక్ష్యం. నిందించినవాడూ నిందితుడూ నేటికీ ఒకే పెళ్లికి రెండు కొసలలో నిలబడి ఉన్నారు. వధూవరులకు ఈ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదనవచ్చు. కానీ చరిత్రకారుడు దీన్ని దాటిపోలేడు. అర్థం పుట్టుకలో ఉండదనడానికి ఇంతకంటె బలమైన నిదర్శనం దొరకదు.

ట్రంపెట్ వాలంటరీ అనే పేరుతో ప్రసిద్ధమైన రచన కథ మరీ చిక్కైనది. వాలంటరీ అనేది నిజానికి ఆర్గన్ మీద వాయించే రచనాప్రక్రియ. ఈ రచన 1700లో అచ్చయిన హార్ప్‌సికార్డ్ సంకలనంలో ప్రిన్స్ ఆఫ్ డెన్మార్క్ మార్చ్ అనే పేరుతో ఉంది. స్వరకర్త జెరెమయా క్లార్క్. 19వ శతాబ్దిలో విలియం స్పార్క్ ఆర్గన్ అనుసరణలో ఇది పర్సెల్ పేరున వెలువడింది. హెన్రీ వుడ్ చేసిన ఆర్కెస్ట్రా అనుసరణ ఆ పొరపాటును స్థిరపరచింది. 20వ శతాబ్ది మధ్యలో గాని కర్తృత్వం తిరిగి క్లార్క్‌కు దక్కలేదు. ఈలోగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌కు బి.బి.సి. చేసిన ప్రసారాలకు ఇది సంకేతసంగీతమైంది. 1981 జులై 29న లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో డయానా పెళ్లినడకకు దీన్నే ఎంచుకున్నారు. క్లార్క్ ఆ కెథడ్రల్‌లోనే ఆర్గన్ విద్వాంసుడు. 1707లో తుపాకితో ఆత్మహత్య చేసుకున్నాడు. ప్రేమవైఫల్యమే కారణమని ఆనాటినుంచీ చెప్పుకుంటున్నారు.

మూరే 1729లో రాసిన ఫాన్‌ఫార్‌లలోని రాండో కూడా ఈ కోవకే చెందుతుంది. 1971 నుంచి అమెరికన్ ప్రజాప్రసార టెలివిజన్‌లో మాస్టర్‌పీస్ థియేటర్ ధారావాహికలకు ప్రారంభసంగీతం కావడంతో సామాన్య శ్రోతలకు పరిచయమై, పెళ్లినిష్క్రమణలలో స్థిరపడింది. పాఖెల్‌బెల్ కానన్‌కు 1968లో పయ్యార్ బృందం చేసిన రికార్డింగ్ రెండవ జన్మనిచ్చింది. హాండెల్ 1749 ఏప్రిల్ 27న లండన్ గ్రీన్ పార్క్‌లో బాణాసంచా వేడుకకు రాసిన సంగీతంలోని లా రెజూయిసాన్స్ శాంతిఒప్పందం ఉత్సవం కోసం పుట్టింది. ఆ వేడుకలో తంత్రీవాద్యాలు వద్దని, యుద్ధవాద్యాలు చాలని రెండవ జార్జి రాజు పట్టుబట్టాడు.

ఇవన్నీ ఎందుకు నిలిచాయి? ప్రసారమాధ్యమాలు, రాజవంశాల పెళ్లిళ్లు కొంత కారణం. కానీ అవి ప్రచారాన్ని మాత్రమే వివరిస్తాయి. అంతే ప్రచారం పొందిన ఎన్నో రచనలు పెళ్లిలో నిలవలేదు. నిలిచినవాటి నిర్మాణాన్ని పరిశీలిస్తే ఒక సామ్యం స్పష్టమవుతుంది. క్లార్క్ మార్చ్ రాండో. మూరే రచన పేరులోనే రాండో ఉంది. మెండెల్సన్ మార్చ్‌లోనూ పల్లవి వంటి ప్రధానభాగం మళ్లీ మళ్లీ వస్తుంది. హాండెల్ రెజూయిసాన్స్‌ను ఒకసారి ట్రంపెట్లతో, ఒకసారి హార్న్‌లతో, చివరకు అందరూ కలిసి వాయించాలని సూచన ఉంది. పాఖెల్‌బెల్ కానన్‌లో ఎనిమిది స్వరాల మంద్రపంక్తి 28 సార్లు ఆవృత్తమవుతుంది. రాండో పల్లవి తిరిగి వచ్చిన ప్రతిచోటా, కానన్‌లో ఆవృత్తి పూర్తయిన ప్రతిచోటా రచనను ఆపవచ్చు. వధువు నడక ముగిసింది కనుక ఆపారని కాక, రచనే ముగిసిందన్నట్టు వినిపిస్తుంది. నడక ఆలస్యమైతే మరో ఆవృత్తి చేర్చవచ్చు. పెళ్లి రచనలను ఏరిన వడపోత ఇదే.

తెలుగు పాఠకులకు ఈ గుణం కొత్తది కాదు. నాదస్వర విద్వాంసుడు కీర్తన మధ్యలో ఉన్నా పురోహితుడి సైగ అందగానే దాన్ని వదిలి గట్టిమేళం అందుకుంటాడు. ముహూర్తం కృతి పూర్తయ్యేదాకా ఆగదు. ఉత్సవసంప్రదాయ కీర్తనగా దేవుడి పెళ్లికి ఏర్పడిన త్యాగరాజు సీతాకల్యాణ వైభోగమే మనుషుల పెళ్లిళ్లలోకి వచ్చి పాదుకొన్న తీరు కూడా పైన చెప్పిన వలసలకు సన్నిహితమే. రెండు సంప్రదాయాల మధ్య ప్రభావం ఉందని ఇక్కడ ప్రతిపాదన కాదు. క్రియకు లోబడిన సంగీతం ఎక్కడైనా ఆపదగిన చోట్లను వెతుక్కుంటుందన్నంతవరకే పోలిక.

5. పెదవి, ఊపిరి

ఎంపికను శాసించే మరో అంశం శరీరం. వయొలిన్‌లో కంపించేది తీగ, ఇత్తడి వాద్యంలో కంపించేది వాద్యకారుడి పెదవే. మౌత్‌పీస్ ఒత్తిడికి పెదవికి రక్తప్రసరణ తగ్గుతుంది, తారస్థాయి స్వరాలు ముందుగా జారిపోతాయి. అందువల్ల గంటసేపటి పెళ్లిలో మొదటి ట్రంపెట్‌కు ఎంత విరామం దొరుకుతుందన్నది రచనల వరుసను నిర్ణయిస్తుంది. వధువు వచ్చేదాకా అతిథులు కూర్చునే వేళలో హార్న్‌కో ట్రాంబోన్‌కో ప్రధానపంక్తి ఇచ్చే నెమ్మదైన రచనలు పెట్టడం మర్యాద కోసం మాత్రమే కాదు, నిష్క్రమణలో మెండెల్సన్ తొలి ట్రంపెట్ పిలుపు పగలకుండా ఉండడానికి కూడా.

పాఖెల్‌బెల్ కానన్ ఈ కోణంలో క్వింటెట్‌కు నిజమైన పరీక్ష. మూలంలో మంద్రపంక్తి విరామం లేకుండా సాగుతుంది. కమాను వెనక్కి తిరిగితే చాలు, చెల్లో ఆగదు. ట్యూబా వాద్యకారుడు ఊపిరి తీసుకోవాలి. ట్యూబాకు గాలి మిక్కిలి ఖర్చు. అనుసరణకర్త ఒక్కొక్క స్వరాన్ని కుదించి సందు చేయాలి, లేదా ఆ పంక్తిని ట్రాంబోన్‌తో పంచాలి. మూడు సమాన వయొలిన్ల అల్లికను రెండు ట్రంపెట్లూ ఒక హార్నూ పంచుకున్నప్పుడు మూడూ ఒకే గొంతుగా వినిపించవు. కనుక కానన్‌ను కోరినవారికి మూలంలోని కానన్ దొరకదు, దాని ఆవృత్తిస్వభావం మాత్రం దొరుకుతుంది. పెళ్లికి అది చాలు.

6. కచేరీ: మౌలికత అనే సమస్య

కచేరీ క్వింటెట్ పుట్టడానికి వాద్యాలు మారవలసి వచ్చింది. ష్టోల్ట్‌జెల్, బ్లూమెల్ 1818లో ప్రష్యాలో కవాటాలకు పేటెంట్ పొందారు. 1835లో వీప్‌రెఖ్ట్, మోరిట్జ్ బెర్లిన్‌లో ట్యూబాకు పేటెంట్ తీసుకున్నారు. అంతకుముందు ప్రకృతిసిద్ధమైన హార్మోనిక్ స్వరాలకే పరిమితమైన ట్రంపెట్, హార్న్‌లు కవాటాలతో అన్ని స్వరాలనూ పలికాయి. ఫ్రాన్సులో బెల్లాన్ 19వ శతాబ్ది మధ్యలో 12 క్వింటెట్లు రాశాడు. అవి చాలాకాలం మరుగునపడ్డాయి.

పునాది రచనలుగా నేడు గౌరవం పొందుతున్నవి విక్టర్ ఎవాల్డ్ (1860-1935) క్వింటెట్లు. ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు, ప్రచురణకర్త బెల్యాయెవ్ ఇంట శుక్రవారాలు జరిగే క్వార్టెట్ గోష్ఠులలో చెల్లో వాయించినవాడు. మొదటి క్వింటెట్ 1912లో అచ్చయింది. మిగిలినవి 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో వెలుగుచూశాయి. ఎవాల్డ్ తన రచనలకు ఉద్దేశించిన వాద్యాలు రెండు కార్నెట్లు, ఆల్టో హార్న్, టెనార్ హార్న్, ట్యూబా. నేటి బృందాలు వాయించేది ట్రంపెట్లు, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్లతో. అంటే బ్రాస్ క్వింటెట్ మౌలికసాహిత్యానికి మూలస్తంభంగా చెప్పే రచన కూడా నేటి వేదికపై అనుసరణే. మౌలికం, అనుసరణం అనే విభజనమీద నిలబెట్టిన చరిత్ర తన మొదటి మెట్టు మీదే తడబడుతున్నది.

విభజనకు నిర్మాతలు యుద్ధానంతర బృందాలవారు. న్యూయార్క్ బ్రాస్ క్వింటెట్ 1954లో ఏర్పడింది. మాల్కమ్ ఆర్నల్డ్ 1961లో తన క్వింటెట్‌ను ఆ బృందం కోసమే రాశాడు. 1960లో ఏర్పడిన అమెరికన్ బ్రాస్ క్వింటెట్ ట్యూబాకు బదులు బేస్ ట్రాంబోన్‌ను స్వీకరించి, సమకాలిక స్వరకర్తలచేత కొత్త రచనలు రాయించడాన్ని ధ్యేయంగా పెట్టుకొంది. ఎలియట్ కార్టర్ 1974 నాటి క్వింటెట్ ఆ కృషి ఫలితమే. 1970లో టొరంటోలో పుట్టిన కెనేడియన్ బ్రాస్ మరోదారి తొక్కింది. బాఖ్ ఆర్గన్ ఫ్యూగ్‌ల నుంచి జాజ్ వరకు అనుసరణలనే ప్రధానంగా వినిపించి, వేదికమీద శ్రోతలతో మాట్లాడుతూ, చతురోక్తులు విసురుతూ విశాలమైన శ్రోతృవర్గాన్ని సంపాదించింది. మొదటి మార్గాన్ని గంభీరమనీ రెండవదాన్ని జనరంజకమనీ వేరుచేయడం తేలిక. కానీ రెండూ ఒక విషయంలో ఏకీభవించాయి. రచన పూర్తయ్యేదాకా శ్రోత కదలడు. ఆర్నల్డ్ క్వింటెట్ మధ్యభాగంలోని విషాదాన్ని సగంలో తెంచలేము. బాఖ్ ఫ్యూగ్ చివరి ప్రవేశానికి ముందు ఆపడమూ అసంభవం.

ఈ దృష్టితో చూస్తే కచేరీ రచనకూ పెళ్లి రచనకూ భేదం గాంభీర్యంలో లేదు, మౌలికతలో అసలే లేదు. ముగింపు ఎవరి చేతిలో ఉందన్నదే భేదం. కచేరీలో అది స్వరకర్త చేతిలో ఉంటుంది. పెళ్లిలో నడిచే వధువు చేతిలో, గోపురం మీద గడియారం చేతిలో, ట్రాంబోన్ల మొరేవియన్ ఊరిలో మరణించినవారి స్థితి చేతిలో ఉంటుంది. ఒకే రచన రెండు వర్గాలలోకీ రావచ్చు. మూరే రాండోను కచేరీ ప్రారంభంలో పూర్తిగా, పెళ్లిలో తగినంత వాయిస్తారు.

హోల్‌బోర్న్, పెసెల్ రచనలకు నేడు కచేరీలలో కలిగిన స్థితి ఇందుకు అనుబంధం. ఒంటరిగా వాయిస్తే ఒక గలియార్డ్ చప్పట్లకు చాలనంత పొట్టిది. అందుకని 65 నృత్యాలలోంచి ఐదింటినో ఆరింటినో ఏరి, నెమ్మదైన పవాన్‌ను ముందు, చురుకైనవాటిని తర్వాత పెట్టి, సూట్ అని పేరు పెట్టి బృందాలు వినిపిస్తాయి. ఆ వరుస హోల్‌బోర్న్ నిర్దేశించింది కాదు. ఏ గలియార్డ్‌తో ముగించాలో, ఆ ముగింపుకు మొదటి ట్రంపెట్ పెదవిలో ఎంత బలం మిగిలి ఉంటుందో లెక్కవేసి నిర్ణయించేది ఆ ఐదుగురే.